బెంచీ కింది నీలం

మొన్న ఆదివారం వీడియో కాల్లో అమ్మ ముందు నా జుట్టు చూసింది. "ఏంట్రా అది, తలమీద ఆ నీలం మరక?" అంది. వెనక నుంచి నాన్న, "హోలీ ఎప్పుడో అయిపోయింది కదరా" అన్నాడు. పడవకి రంగేస్తున్నానని చెప్పా. ఇద్దరూ కాసేపు ఏం మాట్లాడలేదు. మాది కాకినాడ జగన్నాథపురం. కాలవలో పడవలు కట్టేసి ఉండే చోట పెరిగి, ఒక్కరోజు ఒక్క పడవకి చెయ్యి తగిలించని వెధవ, బీటెక్ చదివి, అమెరికా వెళ్ళి, అక్కడెవరి పడవకో రంగు పూస్తున్నాడా అన్నది ఆ మౌనానికి అర్థం అనుకుంటా.

పడవ మా ఇంటి ఓనరుది. బోస్టన్‌కి దక్షిణాన, సముద్రం పక్క చిన్న ఊళ్ళో ఆయన ఇంటి పై అంతస్తులో అద్దెకి ఉంటున్నా. ఆయనకి డెబ్భై తొమ్మిదేళ్ళు. నలభై ఏళ్ళు సిగరెట్లు తాగిన ఊపిరితిత్తులు, రాత్రిళ్ళు ఆక్సిజన్ పెట్టుకుని పడుకుంటాడు. చేతులు మాత్రం ఇప్పటికీ వణకవు. గ్యారేజీలో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడున్నది ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి 1966లో కొన్న పదమూడడుగుల బోస్టన్ వేలర్. తమ్ముడు పోయి నాలుగేళ్ళయింది. మార్చిలో ఒకరోజు మంచు ఊడుస్తుంటే పిలిచి, "జులైలో మనవరాలు వస్తోంది. ఆ పిల్లని ఒక్కసారైనా దీంట్లో తిప్పాలి. నువ్వు ఇంజనీరువి కదా?" అన్నాడు. నేను జావా ఇంజనీర్ని. ఆ తేడా ఆయనకి చెప్పాలనిపించలేదు.

ఈ పడవ గురించి కొంచెం చెప్పాలి. డిక్ ఫిషర్ అనే ఆయన, రే హంట్ అనే పడవల డిజైనర్ సాయంతో దీన్ని తయారుచేసి 1958లో మార్కెట్లోకి తెచ్చాడు. కింద ఒక ఫైబర్ డొప్ప, పైన ఇంకో ఫైబర్ డొప్ప, మధ్యలో నురుగు. ఆ నురుగు పొంగి రెండు డొప్పల్నీ పట్టేసి ఒకే ముక్క చేస్తుంది. అందుకే మునగదు. 1961లో లైఫ్ పత్రికలో వచ్చిన ఫొటోలు ఇప్పటికీ నెట్లో దొరుకుతాయి. ఫిషర్ సూటూ బూటూ వేసుకుని పడవలో కూర్చునుంటే, నీళ్ళమీదే దాన్ని రంపంతో రెండు ముక్కలు కోస్తారు. ఆయన మిగిలిన సగంలో తాపీగా వెళ్ళిపోతాడు. ఇప్పటి వైరల్ వీడియోలన్నిటికీ తాత అది. ఆ రోజుల్లో పడవ బయట తెల్లగా, లోపల లేత నీలంగా ఉండేది. మా పెద్దాయన పడవ లోపల మాత్రం బూడిద రంగులో ఉంది. ఎందుకో తర్వాత చెప్తా.

ఫైబర్ పడవకి పుట్టుకతో వచ్చేది నిజానికి రంగు కాదు. జెల్‌కోట్ అంటారు. రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్. అచ్చులో ముందు దాన్నే పూసి, దానిమీద గ్లాస్ ఫైబరు పొరలు పరుస్తారు కాబట్టి పడవా అదీ ఒకటే ఒళ్ళు. అర మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉంటుంది. ఎండలో పదిహేను, ఇరవై ఏళ్ళు మాడాక సుద్దలా అవుతుంది. వేలితో రాస్తే తెల్లపొడి అంటుకుంటుంది. అప్పటికీ మందం మిగిలుంటే పాలిష్ కొట్టి మెరుపు తెప్పించుకోవచ్చు. రంగు డబ్బా కొనే ముందు ఎవరైనా చెయ్యాల్సిన మొదటి పని అది: ఒక అరచెయ్యంత చోట రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్ది చూడటం. మెరిసిందా, డబ్బు మిగిలింది. మాది మెరవలేదు. కొన్నిచోట్ల జెల్‌కోట్ అరిగి, దారాల నేత కనిపిస్తోంది.

అయితే మళ్ళీ జెల్‌కోటే వెయ్యొచ్చు కదా? నేనూ అదే అడిగా. వెయ్యొచ్చు. కానీ అది అచ్చులో వెయ్యడానికి పుట్టిన పదార్థం. అచ్చు నున్నగా ఉంటే జెల్‌కోట్ నున్నగా వస్తుంది. బయటి నుంచి పూస్తే బత్తాయి తొక్కలా వస్తుంది, ఆ తర్వాత రోజులకి రోజులు రుద్దుతూ కూర్చోవాలి. పైగా గాలి తగిలిన పై పొర గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. దాన్ని ఆపడానికి మైనం కలపాలి. చిన్న దెబ్బలకి, మూలలకి జెల్‌కోట్ మంచిదే. పడవంతా అంటే నాలాంటివాడికి రంగే దారి.

రంగు అనుకోగానే రెండు పార్టీలు. ఒకే డబ్బాలో వచ్చేది, రెండు డబ్బాలు కలిపి వేసేది. ఒక డబ్బా రంగు మన ఇళ్ళ తలుపులకి వేసే ఎనామిల్‌కి పట్నంలో చదువుకున్న తమ్ముడు. మూత తీసి, కలిపి, వేసుకోవడమే. చారపడితే తర్వాత మనమే అద్దుకోవచ్చు. మూడు నాలుగేళ్ళకి మళ్ళీ వేసుకోవాలి. రెండు డబ్బాలది పాలీయురథేన్, ఆల్‌గ్రిప్ లాంటివి. బేసు, హార్డెనరు కలపగానే లోపల రసాయనం మొదలవుతుంది. ఆరాక గాజులా గట్టిగా ఉంటుంది, బాగా చూసుకుంటే పదేళ్ళు మెరుపు తగ్గదు. విమానాలకి వేసేదీ ఈ జాతి రంగే. స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూసిన ఏ ఇంజనీరైనా రెండోదే కొంటాడు. నేను ఎక్సెల్ షీటు కూడా చేశా. కాఠిన్యం, మెరుపు, గ్యాలన్ ధర, ఏడాదికి పడే ఖర్చు. గ్యాలన్ ధర తప్ప మిగతా గళ్ళన్నిటిలోనూ రెండు డబ్బాలదే గెలిచింది.

షీటు పెద్దాయనకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూసి, "ఇందులో నేను ఎక్కడున్నాను?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తర్వాత డేటా షీటు పూర్తిగా చదివితే అర్థమైంది. ఆ హార్డెనర్లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తుల్ని ఒకసారి రెచ్చగొట్టాయంటే జీవితాంతం ఆస్తమా తెచ్చిపెట్టగల సరుకు. దాన్ని గన్నుతో స్ప్రే చెయ్యాలంటే మామూలు మాస్కు చాలదు, బయటి నుంచి మంచి గాలి గొట్టంతో అందించే మాస్కు కావాలి. యూట్యూబులో బనియన్ వేసుకుని, కరోనా మాస్కు తగిలించి స్ప్రే కొట్టేసే వీరులు కనిపిస్తారు, దయచేసి వాళ్ళని ఫాలో అవ్వకండి. రోలరుతో వేస్తే గాల్లో తుంపర తక్కువ కాబట్టి ప్రమాదం తగ్గుతుంది. అప్పుడూ ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జిలున్న మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పవు. ఆక్సిజన్ పెట్టుకుని పడుకునే మనిషి ఆ చుట్టుపక్కల ఉండకూడదు. అంటే ఆయన పడవకి ఆయన చెయ్యి పడకుండా నేనే రంగేసి, తాళంచెవి చేతిలో పెట్టాలన్నమాట. నా షీటులో ఆ గడి లేదు.

చివరికి పంచాయితీ ఇలా తెగింది. బయటి తెలుపు రెండు డబ్బాలది, నేనొక్కణ్ణే, ఆయన ఇంట్లో కిటికీ వెనక. లోపలి నీలం ఒక డబ్బాది, ఆరుబయట టెంటు కింద, ఇద్దరం కలిసి, ఆయనకీ మాస్కు పెట్టి, వాళ్ళ డాక్టర్ని అడిగి, అరగంటకోసారి విరామంతో. లోపల ఎలాగూ జనం కాళ్ళు, లంగర్లు, చేపల గాలాలు పడి గీతలు వస్తాయి, అద్దుకోగలిగే రంగు ఉండటమే మేలని ఇప్పుడు నాకు నిజంగానే అనిపిస్తోంది. అప్పుడు మాత్రం ఆయన మొండితనం అనుకున్నా.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. పడవ నీళ్ళలోనే ఉంటుందా, బండిమీద ఇంటికొస్తుందా? ఈ మెరిసే రంగులు నీటిమట్టానికి పైన ఉండటానికి చేసినవి. వారాల తరబడి నీళ్ళలో నానితే పొక్కులు లేస్తాయి. వేసవంతా రేవులో కట్టేసే పడవైతే కింద భాగానికి ఎపాక్సీ పూతలు వేసి, దానిమీద నాచూ నత్తగుల్లలూ పట్టకుండా రాగి కలిసిన రంగు వెయ్యాలి. ఒకప్పుడు దానికి తగరం కలిసిన టీబీటీ అనే విషం వాడేవాళ్ళు. సముద్ర జీవుల్ని నాశనం చేస్తోందని తెలిసి 2008 నుంచి ప్రపంచమంతటా ఓడలకి నిషేధించారు. మాది సాయంత్రానికి ట్రైలరు మీద ఇంటికొచ్చేసే పడవ కాబట్టి ఆ తంటా లేదు.

ఇప్పుడు ఆ బూడిద రంగు కథ. ఎప్పుడో తమ్ముడు గారు ఇంటి వరండాకి కొన్న రంగు మిగిలితే పడవ లోపల కొట్టేశాడట. అమెరికాలో 1978 దాకా ఇళ్ళ రంగుల్లో సీసం ఉండేది. అందుకని గీకే ముందు హార్డ్‌వేర్ షాపులో దొరికే పరీక్ష పుల్లతో రుద్ది చూశాం. రంగు మారలేదు, ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత గుడ్డని థిన్నర్లో ముంచి దానిమీద పది నిమిషాలు అంటించి ఉంచితే, బూడిద రంగు మెత్తబడి గుడ్డకి అంటుకొచ్చేసింది. ఈ పరీక్ష ఎవరి పడవకైనా, ఎవరి బండికైనా పనికొస్తుంది. పాత రంగు థిన్నరుకి కరిగే రకమైతే, దానిమీద రెండు డబ్బాల రంగు వేశారంటే అందులోని ద్రావకం కింది పొరని లేపేసి అప్పడంలా ముడతలు పెట్టేస్తుంది. ఒక డబ్బా రంగు వేసినా, పట్టులేని పాత పొరమీద వేస్తే అది ఊడినప్పుడు ఇదీ ఊడుతుంది. గీకెయ్యడమే మార్గం. మూడు వారాంతాలు గీకాం.

గీకడానికి అడ్డం వస్తున్నాయని మహాగని బెంచీలు విప్పా. స్క్రూలు ఒక్కటీ తిరగవు. ఒకటి విరిగింది కూడా. చివరికి మధ్య బెంచీ కింది దిమ్మ ఊడొచ్చింది. దాని కింద అరచెయ్యంత మేర, నిన్న అచ్చులోంచి తీసినట్టు, నీలం.

పెద్దాయన్ని పిలిచా. మోకాళ్ళమీద కూర్చుని చూశాడు. చాలాసేపు చూశాడు. "వాడికి బెంచీలు విప్పే ఓపిక ఎప్పుడూ లేదు. చుట్టూ రంగేసేసి అయిపోయిందనేవాడు" అన్నాడు. అప్పట్లో ఆ బూడిద రంగు కోసం అన్నదమ్ములిద్దరూ పోట్లాడుకుని ఒక వేసవంతా మాట్లాడుకోలేదట. ఆ మాట చెప్పి లేచి, మాస్కు సరిచేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజుకి పని ఆపేశాం.

ఇక నా తప్పు. దీన్ని కాస్త వివరంగానే చెప్తా, మీలో ఎవరైనా బైకు ట్యాంకుకి రంగేసుకున్నా ఇదే తప్పు చేస్తారు కాబట్టి.

బయటి డొప్పకి నలుగురు స్నేహితుల్ని పిలిచి, బిర్యానీ ఆశ చూపించి, పడవని బోర్లా తిప్పించా. బీటలున్న చోట కోణంగా గీసి తెరిచి, ఎపాక్సీతో చేసిన లప్పం నింపా. కట్టుకొక్కేల చుట్టూ సాలెగూడులా వచ్చే సన్నబీటల్ని ఊరికే పైన పూసి కప్పకూడదు. అక్కడ ఏదో వంగుతోంది, అందుకే పగులుతోంది. కింద బలం ఇవ్వకపోతే కొత్త రంగులోనూ అవే గీతలు ఏడాదికల్లా తిరిగొస్తాయి. ఎపాక్సీ ఆరాక పైన మైనంలాంటి జిగట పొర తేలుతుంది. దాన్ని నీళ్ళతో పీచు పెట్టి కడిగాకే రుద్దాలి. అదంతా చదువుకుని బుద్ధిగా చేశా. తర్వాత ఎనభై నంబరు ఎమరీ పేపరుతో డొప్ప మొత్తం రుద్దా. పొడి ఒంటిమీద పడితే దురదగొండాకే, రెండు రోజులు నిద్రలేదు. రుద్దడమయ్యాక థిన్నరు గుడ్డతో తుడిచి, శనివారం పొద్దున్నే ప్రైమరు కలిపి మొదలుపెట్టా.

ఎడమ పక్క సగం అయ్యేసరికి రంగు పక్కకి జరుగుతోంది. నిజంగా జరుగుతోంది. పూసిన చోట పెసరగింజంత గుంటలు, మధ్యలో కింది గచ్చు కనిపిస్తూ. ఒకటి, పది, వంద. వీటిని చేపకళ్ళు అంటారు. మళ్ళీ రోలరు తిప్పా. మళ్ళీ తెరుచుకున్నాయి. పై పూతలో కప్పేద్దాంలే అనుకున్నా, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లో పెట్టే ప్యాచ్ లాగ. కప్పడాలు ఉండవు. కింద ఉన్నది పైకి వస్తుంది.

పెద్దాయన్ని అడిగితే, ప్రతి వసంతంలోనూ పడవకి మెరుపు రావడానికి ఏదో ద్రవం రాసేవాడట, ముప్ఫై ఏళ్ళు. అందులో సిలికోన్. దానిమీద ఏ రంగూ నిలవదు. అసలు తప్పు వరసలో ఉంది. నేను ముందు రుద్దాను, తర్వాత తుడిచాను. రుద్దినప్పుడు ఆ మైనం, సిలికోన్ వేడెక్కి, ఎమరీ గీసిన గీతల్లోకి దిగిపోయాయి. తర్వాత ఎంత తుడిచినా పైపైనే. ముందు కడగాలి, తర్వాత తుడవాలి, ఆ తర్వాతే రుద్దాలి. తుడవడానికీ పద్ధతుంది. ఒక చేత్తో ద్రావకంలో తడిపిన గుడ్డ, ఇంకో చేత్తో పొడిగుడ్డ. తడి ఆవిరయ్యేలోపే పొడిగుడ్డతో ఎత్తెయ్యాలి. లేదంటే మైనాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి బదిలీ చేసినట్టే. గుడ్డలు తరచూ మార్చాలి, పాత బనియన్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. అయిందో లేదో తెలుసుకోవాలంటే చెంబుడు నీళ్ళు పొయ్యండి. నీళ్ళు పల్చని దుప్పటిలా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద నీళ్ళలా ముత్యాలై జారితే మైనం ఇంకా ఉన్నట్టే.

ప్రైమరంతా రుద్దేసి, మళ్ళీ కడిగి, తుడిచి, రుద్ది, నీళ్ళు పోసి చూసేసరికి రెండు వారాంతాలు పోయాయి. జూన్ సగానికి వచ్చింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. కాఫీ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవాడు. తిట్టినా బాగుండేది.

తెలుపు వెయ్యడంలో ఇంకోసారి దెబ్బతిన్నా గానీ అది చిన్నది. సముద్రం పక్క ఊరు కదా, సాయంత్రమైతే గాల్లో తేమ. సాయంత్రం నాలుగింటికి రెండో పూత వేసి గర్వంగా నిద్రపోయా. పొద్దున చూస్తే మెరుపు పోయి పాల మీగడలా మసక. ఐసోసయనేటుకి బేసుతో తన పని ఉండగానే నీళ్ళు ఎదురైతే నీళ్ళతో కూడా చర్య జరుపుతుంది. ఆరకముందే మంచు కురిసిందంటే అంతే. మీ ఫోన్లో వాతావరణం యాప్ తెరిస్తే డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది, ఇన్నాళ్ళూ నేనెప్పుడూ చూడనిది. రంగు వేసే తలం వేడి దానికంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి, రంగు ఆరేదాకా ఎక్కువే ఉండాలి. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండింటికల్లా ఆపెయ్యడం మా నియమం అయింది. ఎర్రటి ఎండలోనూ వెయ్యకూడదు, బ్రష్షు గీతలు సర్దుకునే లోపే ఆరిపోతుంది. తెలుపే ఎందుకంటే, ముదురు రంగు ఎండకి పెనంలా కాలుతుంది, కింద లప్పం పెట్టిన ప్రతి ఎత్తుపల్లాన్నీ ఊరందరికీ చూపిస్తుంది. నా లప్పం పనితనం నాకు తెలుసు.

తర్వాత నీలం. షాపువాళ్ళ దగ్గర రంగుని చదివే యంత్రం ఉంది గానీ, పడవని యంత్రం కిందికి తీసుకెళ్ళలేం కదా. అదే కంపెనీ ఒక డబ్బా రంగుల్లో తెలుపు, నీలం, కాస్త ఆకుపచ్చ కొన్నాం. ఒకే వరస రంగుల్ని ఒకదాంతో ఒకటి కలుపుకోవచ్చు. వంటింటి త్రాసుమీద గ్రాములు తూచి, ప్రతి మిశ్రమానికీ నంబరిచ్చి, అట్టముక్కల మీద పూసి ఆరబెట్టా. తడిగా ఉన్నప్పటి రంగు వేరు, ఆరాక వేరు. గ్యారేజీ బల్బు కింద వేరు, ఎండలో వేరు. బెంచీ కింది మచ్చని కొంచెం పాలిష్ చేసి పక్కన పెట్టి చూస్తే పదకొండో నంబరు అచ్చు గుద్దినట్టు కలిసింది. ఎక్కడ మచ్చో ఎక్కడ అట్టో తెలియనంత.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఇంకా పచ్చగా ఉండేది."

"ఇదిగో అసలు రంగు, ఇదిగో మనది. రెండూ ఒకటే" అన్నా.

"నేను చూశాను కదా అబ్బాయ్. నీళ్ళమీద ఇంకా పచ్చగా ఉండేది."

నేను వాదించా. ఆధారం కళ్ళముందు ఉంది, ఆయన చెప్తున్నది దాదాపు అరవై ఏళ్ళ కిందటి జ్ఞాపకం. సముద్రం మీద, ఎండలో, ఇరవై ఏళ్ళ వయసులో, తమ్ముడు ఎదురుగా కూర్చుని ఉండగా చూసిన రంగుని ఏ యంత్రం చదువుతుంది? అది నాకు ఆ రాత్రి మెట్లెక్కుతుంటే తట్టింది. మర్నాడు ఇంకో ఆరు గ్రాముల ఆకుపచ్చ కలిపి పద్నాలుగో నంబరు చేశా. చూడగానే "ఇదీ" అన్నాడు. కావలసిన రంగంతా ఒకే బకెట్లో ఒకేసారి కలిపేశాం, డబ్బాకో ఛాయ రాకుండా.

పూసే పద్ధతి చూడటానికి సులువు. ఒకరు స్పాంజి రోలరుతో రెండడుగుల వెడల్పు పట్టీ పల్చగా పూస్తూ పోవాలి. వెనకే ఇంకొకరు మెత్తటి బ్రష్షు కొసతో, నెమలీక తగిలినంత తేలిగ్గా, బుడగలు చదును చేస్తూ రావాలి. కొత్త పట్టీ నుంచి పాత తడి అంచు వైపు లాగాలి. ఒకసారి దాటొచ్చాక వెనక్కి వెళ్ళకూడదు. అక్కడొక దోమ పడినా, గీత కనిపించినా, చెయ్యి దురద పెట్టినా వెళ్ళకూడదు. సగం ఆరిన రంగుని కెలికితే గీత కాస్తా గాయమవుతుంది. మందంగా పూస్తే కారుతుంది, పల్చగా మూడు పూతలు వేసి మధ్యలో మూడొందల ఇరవై నంబరు పేపరుతో మెత్తగా రుద్దుకోవాలి.

నేను రోలరు, ఆయన బ్రష్షు. మొదటి పూత రోజు నేను హడావిడిగా ముందుకెళ్ళిపోతుంటే, మాస్కులోంచి, "నా కోసం ఆగు. తడి నాకోసం ఆగదు" అన్నాడు. నా వేగం సగానికి తగ్గించా. అరగంటకోసారి బ్రష్షు నాకిచ్చి కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చుకునేవాడు. అందుకని పడవ లోపలిని అరగంటకి సరిపోయే ముక్కలుగా, మూల నుంచి మూలకి విడగొట్టుకున్నాం, అతుకు కనిపించే చోట అతుకు రాకుండా. నా బ్రష్షు పట్టీకీ ఆయన బ్రష్షు పట్టీకీ తేడా ఇప్పటికీ పట్టుకోగలను. ఆయనది అద్దం.

నేలమీద మాత్రం రెండే పూతలు. కాళ్ళు జారకుండా అచ్చులోనే చెక్కిన గరుకు ఉంటుంది, రంగు మీద రంగు వేస్తే ఆ గాడులు నిండిపోయి, చూడ్డానికి బాగుండి, తడిస్తే సబ్బుబిళ్ళ అవుతుంది. రెండో పూతలో సన్నటి ప్లాస్టిక్ పూసల పొడి కలిపాం. చెప్పుల్లేకుండా నడిస్తే కొంచెం గుచ్చుకుంటుంది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషికి అదే కావాలి.

బెంచీ దిమ్మ కింది అరచెయ్యంత చోటుకి టేపు అంటించి వదిలేశాం. ఎవరం ఏం అనుకోలేదు. నేను టేపు తీసుకొచ్చేసరికి ఆయన అప్పటికే కత్తిరించి పెట్టాడు. తర్వాత దిమ్మని ఒక అంగుళం వెనక్కి జరిపి బిగించాం, పాత స్క్రూ రంధ్రాల్ని ఎపాక్సీతో మూసేసి. ఆ రంధ్రాల్లోంచే నీళ్ళు నురుగులోకి దిగుతాయి కాబట్టి జరపక తప్పలేదు అని ఆయన వాదన. నేను ఎదురు చెప్పలేదు.

జులై 4 దాటిపోయింది. రంగు ఎండలో వారం రోజులు గట్టిపడనిచ్చి, పదమూడో తారీఖున ట్రైలరు మీద రేవుకి తీసుకెళ్ళాం. రెండువైపులా ముక్కుమీద రిజిస్ట్రేషన్ నంబరు మూడంగుళాల అక్షరాల్లో ఉండాలి ఇక్కడి చట్టం ప్రకారం. అవి అంటించింది కూడా ఆయనే, కొంచెం వంకరగా. వీడియో తీసి నాన్నకి పంపా. "రంగు బానే ఉంది. దూకేటప్పుడు చెప్పులు విప్పు" అని మెసేజ్ వచ్చింది.

పెద్దాయన మోటారు దగ్గర, నేను ముందు, మనవరాలు మధ్య బెంచీమీద. తొమ్మిదేళ్ళ పిల్ల, ఒక్కచోట ఉండదు. రేవు దాటామో లేదో బెంచీ కిందకి తలపెట్టి చూసి, "తాతా, ఇక్కడ మీరు రంగెయ్యడం మర్చిపోయారు. వేరే నీలం ఉంది" అని అరిచింది.

"మీ చిన్నతాత పని అది. వాడికి బెంచీలు విప్పే ఓపిక లేదు" అన్నాడు ఆయన, మోటారు వేగం పెంచుతూ.